సింకు కింద బకెట్టు

రెండో షిఫ్టు ఆపరేటరును ఉద్యోగంలోంచి తీసేయాలని అందరూ కలిసి నిర్ణయించేసుకున్నాక, ఆఖరుకు నా సంతకం కోసం కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ల్యాబ్ ఇన్‌చార్జిగా నేను చేయాల్సింది ఒకటే. ‘మధ్యాహ్నం షిఫ్టులో పొడి ముతకగా వస్తోందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది’ అన్న వాక్యం కింద పేరు గీకాలి. ఆ వాక్యంలో అబద్ధం లేదు. పరీక్షల్లో అలాగే తేలుతోంది. అయినా పెన్ను మూత తీయడానికి నాకు మనసు రాలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూస్తే జాలిపడతారు. ‘మీ కాలంలో కంప్యూటర్లూ మోడళ్లూ ఏవీ లేవు కదా మేడమ్, ఎలా పనిచేశారు?’ అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను రిటైరై ఎంతో కాలం కాలేదు. మా మిల్లులో కంప్యూటరుంది, మోడలుంది, గోడకు ఇంత పెద్ద టీవీ ఉంది. లేనిది నీళ్లు. ఆ సంగతి ఆ టీవీకి ఎవరూ చెప్పలేదు, మా గొడవంతా అక్కడే వచ్చింది.

కళ్యాణదుర్గం ఊరు దాటాక వేరుశనగ చేల మధ్యలో ఉండేది మా మిల్లు. లారీల్లో ముగ్గురాయి వచ్చేది. దాన్ని పగలగొట్టి, పెద్ద రోలర్ల కింద నూరి, మెత్తటి తెల్లటి పొడి చేసి, రంగుల కంపెనీలకు పంపేవాళ్లం. చుట్టుపక్కల చెట్లూ, మా కనుబొమలూ, క్యాంటీన్‌లో టీ మీద తేలే మీగడా, అన్నీ ఆ తెలుపే. ఈ వ్యాపారంలో అసలు సంగతి పొడి సైజు. ముతకైతే రంగు గరగరలాడుతుంది. మరీ మెత్తనైతే చిక్కబడి గడ్డ కడుతుంది. రెండింటికీ మధ్య ఉన్న సందు చాలా చిన్నది.

సైజు చూడటానికి మాకున్న పరీక్ష జల్లెడ. కంటికి బెజ్జాలు కనిపించనంత సన్నటి తీగ జల్లెడ. నేను ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య పెరిగినదాన్ని. ఆ జల్లెడను మొదటిసారి వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు, ఇదీ నేతే కదా, పట్టు బదులు తీగ అనుకున్నాను. కొలిచిన పొడిని అందులో వేసి నీళ్లతో కడగాలి. మెత్తది కిందికి పోతుంది, ముతకది పైన మిగులుతుంది. ఆ మిగులును ఆరబెట్టి తూకం వేస్తే పొడి ఎంత బాగుందో తెలుస్తుంది. మిగులు ఎక్కువైతే మిల్లు సరిగా నూరలేదని, మరీ తక్కువైతే అతిగా నూరేసిందని అర్థం. ఇంతే పరీక్ష, చిన్న పిల్లలకైనా నేర్పవచ్చు.

ఆ పరీక్షకు గంట పడుతుంది. ఆ గంటలో మిల్లు ఎంత పొడి కక్కుతుందో మీరే ఆలోచించండి. తప్పు బయటపడేసరికి ఆ తప్పు బస్తాల్లోకి ఎక్కేసి ఉంటుంది. అందుకని రంగుల కంపెనీ వాళ్లు, సైజును ఎప్పటికప్పుడు చూపించే ఏర్పాటు ఏదైనా పెట్టుకోండి అన్నారు. మా మేనేజరుగారు వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినవాడు. కొనేవాడు ఒక మాట అంటే అది ఆయనకు వేదం. వెంటనే హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు కుర్రవాడిని పిలిపించాడు. 

కుర్రవాడు మంచివాడే. బుద్ధిగా ఉండేవాడు, పొద్దున్నే నమస్కారం పెట్టేవాడు. కాకపోతే కిటికీలోంచి బయటికి చూడడు. మిల్లుకు నాలుగువైపులా తీగలు తగిలించాడు. రాయి ఎంత వేగంగా పడుతోంది, మోటారు ఎంత కరెంటు లాగుతోంది, లోపల మెత్తటి పొడిని వేరుచేసే చక్రం ఎంత జోరుగా తిరుగుతోంది, గాలి ఎంత వేడిగా ఉంది, ఇవన్నీ క్షణక్షణం కంప్యూటరులోకి పోతాయి. మా ల్యాబ్‌లో అంతకు ముందు చేసిన పరీక్షల ఫలితాలన్నీ తీసుకుని, వాటి పక్కన వీటిని పెట్టి, దేనికి ఏది అవుతోందో కంప్యూటరుకు నేర్పాడు. దాన్నే మోడలు అనేవాడు. ఇక జల్లెడ అక్కర్లేకుండానే, పొడి ఇప్పుడు ఇంత సైజులో ఉంటుంది అని టీవీలో అంకె పడుతుంది. బాగుంటే ఆకుపచ్చ, బాగాలేకపోతే ఎరుపు.

మొదటి రోజు ఆ టీవీ ముందు కొబ్బరికాయ కొట్టాం. మేనేజరుగారు దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టాడు.

ఆ తర్వాత నుంచి మొదలైంది మా నెత్తిన గోల. పొద్దుటి షిఫ్టు అంతా ఆకుపచ్చ. రాత్రి షిఫ్టు అంతా ఆకుపచ్చ. మధ్యాహ్నం అయ్యేసరికి ఎరుపు. ఎండలు ముదిరే కొద్దీ ఎరుపు ఇంకా చిక్కబడింది. ల్యాబ్‌లో జల్లెడ పట్టి చూస్తే అదీ అదే మాట చెప్పేది. మోడలు ముందే చెప్పింది, జల్లెడ తర్వాత ఒప్పుకుంది. కుర్రవాడి ముఖం వెలిగిపోయింది.

“చూశారా మేడమ్, అన్నిటికంటే ముఖ్యమైంది వేడి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. దాంతో ముతక రేణువులు కూడా తప్పించుకుని పొడిలో కలుస్తున్నాయి. సైన్సు కూడా సరిపోయింది” అన్నాడు.

“మరి మిల్లు పెట్టినప్పటి నుంచీ ఎండలు ఉండాయి గదా నాయనా. ఈ అనంతపురానికి ఎండ నిన్న మొన్న వచ్చినాదా?” అన్నాను.

“అప్పుడు గమనించే సాధనం లేదు మేడమ్” అన్నాడు వినయంగా. వినయంగా మాట్లాడేవాళ్లతో పోట్లాడటం నాకు చేతకాదు.

వేడి మీద కోపం తెచ్చుకుంటే లాభం లేదు కాబట్టి మేనేజరుగారు మనిషి మీద తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు ఆపరేటరు కంబదూరు వైపు పల్లెటూరివాడు. వానకు ఎదురుచూసే చేను కొంత ఉండేది. ఆ చేను తిండి పెట్టడం మానేసిన కాలం నుంచీ మిల్లునే నమ్ముకున్నాడు. రోలర్ల చప్పుడు విని ఏది అరిగిందో చెప్పేంత గొప్పవాడేం కాదు. మామూలు పనివాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అడక్కపోతే నోరు విప్పడు, బీడీ మాత్రం తాగొద్దన్నచోటే తాగుతాడు. ఆ ఏడు ఆయన కూతురు అనంతపురంలో నర్సింగు చదువుతోంది. ఈ జీతం ఆగితే ఆ చదువూ ఆగుతుంది, ఆయన బెంగుళూరుకు పోయి ఇటుకలు మోయాలి. ఇది నాతో ఆయన చెప్పలేదు. మిల్లులో అందరికీ తెలిసిన సంగతే.

“ఏమప్పా, నీ షిఫ్టులోనే ఏంటికి ముతక వస్తాండాది?” అని ఆయన్ను నిలదీశాడు మేనేజరుగారు.

“నాకేం తెలుసు సామీ? టీవీ ఎట్ల చెప్తే అట్ల చేస్తాండా. రాయి తగ్గించమంటే తగ్గించినా, చక్రం జోరు పెంచమంటే పెంచినా. ఇంగ నేను దిగి పండ్లతో నమలాల్నా?”

అలా అనకుండా ఉండాల్సింది. మేనేజరుగారికి పొగరు కనిపిస్తే పనితనం కనిపించదు.

నేను ఒక సులువైన ఉపాయం చెప్పాను. పొద్దుటి ఆపరేటరును ఒక వారం మధ్యాహ్నానికి మార్చండి, ఈయన్ను పొద్దుటికి వేయండి, తప్పు మనిషిదో ఎండదో తేలిపోతుంది అన్నాను. ఎంత తేలిక పని! కానీ పొద్దుటి ఆపరేటరుకు సాయంత్రం పాలు పిండే పని ఉంది. “నేను లేకుంటే ఆవు పాలు చేపదు మేడమ్” అన్నాడు. మేనేజరుగారు తల ఊపాడు. ఒక మనిషి బతుకు తేల్చాల్సిన పరీక్ష ఒక ఆవు దగ్గర ఆగిపోయింది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను, గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఇది చాలదన్నట్టు రంగుల కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. ముతక గురించి అనుకుంటున్నారేమో. కాదు. మీ పొడి మరీ మెత్తగా ఉంది, మా రంగు గడ్డ కడుతోంది అని! మేనేజరుగారు ఆ ఫిర్యాదును తీసుకుని సరాసరి ఆపరేటరు దగ్గరికి పోయాడు.

“ముతకా నువ్వే చేస్తావు, మెత్తనా నువ్వే చేస్తావు. నీకేమైనా మిల్లు మీద పగ ఉండాదా?”

“ఒక్క మిల్లులో రెండూ ఎట్లొస్తాయి సామీ, మీరే చెప్పండి.”

ఆ మాట మేనేజరుగారికి ఎదురు మాటలా వినిపించింది. నాకు మాత్రం అది ప్రశ్నలా వినిపించింది. మా ల్యాబ్ ముతక అంటోంది, కొన్నవాడు మెత్తన అంటున్నాడు. ఇద్దరిలో ఒకరికి కళ్లు కనిపించడం లేదన్నమాట. కుర్రవాడిని అడిగితే, ‘కొనేవాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి అంటారు మేడమ్’ అన్నాడు. ఆ మర్నాడే ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నెలాఖరుకు మనిషిని పంపించేయాలి. సంతకం పెట్టండమ్మా అని మేనేజరుగారు వచ్చినప్పుడల్లా, చూస్తానండీ, పెడతానండీ అంటూ దాన్ని గాజు దిమ్మె కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం కుర్రవాడు చిరాకు పడుతూ నా గదిలోకి వచ్చాడు. ఆయన చిరాకు పడటం చూడటం అదే మొదటిసారి, నాకు కొంచెం సంతోషం కూడా వేసింది.

“మేడమ్, నిన్న మధ్యాహ్నం మీ ల్యాబ్‌లో ఏదో పొరపాటు జరిగింది. మోడలు ముతక అని చెప్పింది. మీ ల్యాబ్ అమ్మాయి రాసిన ఫలితం చూడండి, మెత్తన అని ఉంది. గ్రాఫులో ఒక్క చుక్క ఎక్కడో దూరంగా పడింది. దీన్ని తీసేస్తాను.”

“తీసేయడమేంది?”

“ఇలాంటివి అప్పుడప్పుడు వస్తుంటాయి మేడమ్. మిగతావాటితో కలవనివి. పరీక్షలో పొరపాట్లు. నేను ముందే కొన్ని తీసేశాను. లేకపోతే మోడలు పాడవుతుంది.”

నాకు కాలింది. నా ల్యాబ్‌లో పొరపాటా? ఎవరినడిగి తీసేశాడు? ల్యాబ్‌లో పరీక్షలు చేసే అమ్మాయిని అక్కడికక్కడే పిలిచాను. నా గది పక్క గదిలోనే ఆ అమ్మాయి జల్లెడ పట్టేది. మాట్లాడితే వినిపించేంత దూరం, కానీ మధ్యలో గోడ.

“ఏమ్మా, నిన్న మధ్యాహ్నం పరీక్ష ఎట్ల చేసినావు?”

“రోజూ చేసినట్లే మేడమ్.”

“సరిగ్గా గుర్తు చేసుకో. ఏమైనా తేడా ఉండిందా?”

అమ్మాయి ముఖం చిన్నబోయింది. “తప్పు చేసినా మేడమ్. నిన్న బకెట్టు పగిలిపోయినాది. వేరేది లేదు. అందుకే కొత్త నీళ్లు వాడినా. ఎక్కువ పోనీలేదు మేడమ్, ఒట్టు.”

“బకెట్టుకూ పరీక్షకూ ఏం సంబంధం?”

నేను అడిగిన ఆ ప్రశ్నకు ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

“రోజూ ఆ బకెట్టులో నీళ్లతోనే గదా మేడమ్ కడిగేది!”

ఇప్పుడు మీకు మా మిల్లులో నీళ్ల సంగతి చెప్పాలి. బోరు ఎండిపోయి చాలా కాలమైంది. వేసవిలో ట్యాంకరు వచ్చిన రోజే నీళ్లు. వచ్చిన నీళ్లు తాగడానికి, వంటకు, ఆ తర్వాత మాకు. ‘ఒక్క చుక్క కూడా పారబోయరాదు’ అని మేనేజరుగారు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాడు. ఆ మాట రాయించాల్సిన అవసరమే లేదు. ఈ వైపు పుట్టిన మనిషి ఎవరైనా నీళ్లు మోరీలోకి పారుతుంటే చూస్తూ నిలబడలేడు. సింకు గొట్టం కింద ఒక బకెట్టు పెట్టడం మా ల్యాబ్‌లో ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను రోజూ దాన్ని దాటుకునే లోపలికి పోయేదాన్ని. ఆ నీళ్లు గేటు దగ్గర కానుగ మొక్కలకు పోతాయనుకునేదాన్ని. అవి మొక్కల దాకా పోవడంలేదు. కాసేపు ఆగితే తెల్లటి బురద అడుగుకు దిగుతుంది, పైన నీళ్లు తేటగా కనిపిస్తాయి. ఆ తేట నీళ్లను చెంబుతో ముంచి మళ్లీ జల్లెడ మీద పోసేవాళ్లు. ఆ నీళ్లే మళ్లీ బకెట్టులోకి, మళ్లీ జల్లెడ మీదికి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

తేటగా కనిపిస్తాయంతే. కంటికి కనబడని సన్నటి పొడి అంతా అందులో తేలుతూనే ఉంటుంది. దానితో కడిగితే జల్లెడ శుభ్రం కాదు, బెజ్జాలు మూసుకుపోయి, కిందికి పోవాల్సిన మెత్తటి పొడి కూడా పైనే ఉండిపోతుంది. దాన్నే ఆరబెట్టి తూచి ముతక అని రాస్తున్నాం. పొద్దున బకెట్టు కడిగి కొత్త నీళ్లు పోస్తారు, కాబట్టి పొద్దుటి షిఫ్టు బాగుంటుంది. రాత్రి తీసిన పొడిని కూడా పొద్దున్నే ఆ కొత్త నీళ్లతోనే కడుగుతారు, కాబట్టి రాత్రి షిఫ్టూ బాగుంటుంది. మధ్యాహ్నానికి బకెట్టు బురద. ఎండ ముదిరితే నీళ్లు ఇంకా కరువు, బురద ఇంకా చిక్కన. కంప్యూటరుకు బకెట్టు కనబడదు. ఎండ కనబడుతుంది. ఇక అది చేసిన తప్పేముంది?

“ఇంతకు ముందు తీసేసినవి ఏ ఏ రోజులవో చూపించు” అన్నాను కుర్రవాడితో.

ఆయన తన కంప్యూటరు తెరిచాడు. నేను ఫోను తెరిచాను. మా మిల్లుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ట్యాంకరు గేటు దాటగానే వాచ్‌మన్ దాన్ని ఫొటో తీసి అందులో పెట్టేవాడు, పెళ్లికొడుకు దిగినట్టు. కుర్రవాడు ఒక రోజు చెప్పడం, నేను ఫోనులో వెతకడం. ట్యాంకరు. ఇంకో రోజు. ట్యాంకరు. ఆ తర్వాతదీ ట్యాంకరే. నీళ్లు నిండుగా వచ్చిన రోజు మా ల్యాబ్ అమ్మాయిలు పండగ చేసుకుని కొళాయి కింద జల్లెడ కడిగారు, ఆ రోజు ఫలితం నిజంగా వచ్చింది. మిగతావాటితో కలవడం లేదని ఈ మహానుభావుడు నిజాలన్నీ ఏరి ఏరి అవతల పారేశాడు.

కుర్రవాడు కంప్యూటరు మూత దించేశాడు. తర్వాత నెమ్మదిగా, “అయితే ఇన్నాళ్లూ నేను పొడిని అంచనా వేయలేదు మేడమ్. బకెట్టును అంచనా వేశాను” అన్నాడు. పాపం, ఆ ఒక్క మాటకు నేను ఆయన్ను అప్పటికప్పుడే క్షమించేశాను.

మేనేజరుగారికి చెప్తే ఆయన నమ్మలేదు. నమ్మితే తప్పు తన మీదికి వస్తుంది, గోడ మీద రాత ఆయనదే కదా. “నీళ్లు నీళ్లేనమ్మా, పాతవేంది కొత్తవేంది?” అన్నాడు. సరే, మీ కళ్ల ముందే చేసి చూపిస్తాను అన్నాను. ఆపరేటరును కూడా పిలిపించాను. తన గతి తేలుతుంటే మనిషి అక్కడ ఉండాలి కదా.

ఆ రోజు ట్యాంకరు రాలేదు. మిల్లు నీళ్ల తొట్టి అడుగున ఉన్న నీళ్లు సాయంత్రం దాకా మిల్లు అంతటికీ రావాలి. మధ్యాహ్నం షిఫ్టులో తీసిన పొడినే బాగా కలిపి రెండు భాగాలు చేశాను. మొదటి భాగాన్ని, కొత్తగా తెచ్చిన బకెట్టులో పొద్దుటి నుంచీ తిరుగుతున్న నీళ్లతో, చెంబుతో, రోజూ కడిగినట్టే కడిగింది మా అమ్మాయి. దానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. రెండో భాగం జల్లెడలో వేసి నేను కొళాయి తిప్పాను. గొట్టం కింద బకెట్టు లేదు. కావాలనే తీయించాను, చెయ్యి అలవాటుగా దానివైపు పోకుండా.

నీళ్లు జల్లెడ మీద పడి, పాలలా తెల్లగా దిగి, సరాసరి మోరీలోకి పోయాయి. ఆ చప్పుడు మా ల్యాబ్‌లో ఎప్పుడూ వినలేదు. 

“ఎంతసేపు పోనిస్తావమ్మా?” అన్నాడు మేనేజరుగారు.

“కింద తేటగా వచ్చేదాకా. పుస్తకంలో అట్లే ఉండాది.”

“ఆ పుస్తకం రాసినోడు ఏ ఊరోడో” అన్నాడు.

ఇంకాస్త సేపు గడిచింది. నీళ్లు ఇంకా తెల్లగానే వస్తున్నాయి. ఆపరేటరు వాకిట్లో నిలబడి ఉన్నాడు. కాలు మార్చి కాలు వేస్తున్నాడు. చూపు జల్లెడ మీద లేదు, మోరీ మీద ఉంది. చివరికి ఉండబట్టలేక లోపలికి దూసుకొచ్చి కొళాయి మీద చెయ్యి వేశాడు.

“చాలమ్మా! ఆపండి! ఇన్ని నీళ్లా? మా ఇంటామె రెండు బిందెల కోసం పొద్దన్నే ట్యాంకరు కాడ కొట్లాడతాది. ఈడ మీరు మోరీలో పోస్తాండారు!”

“చెయ్యి తియ్యప్పా! నీ కోసమే పోస్తాండా. ఇప్పుడు ఆపితే నీ ఉద్యోగం పోతాది!”

“పోతే పోనీ! ఇట్ల చూడలేను నేను!”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన చేతి మీద ఒక్కటి వేశాను. నిజంగానే వేశాను, వయసులో పెద్దదాన్ని కాబట్టి చెల్లింది. చెయ్యి తీశాడు. కానీ ఊరుకోలేదు. బయటికి పరుగెత్తి క్యాంటీన్‌లో అంట్లు తోమే తొట్టి ఒకటి పట్టుకొచ్చి, గొట్టం కింద దూర్చి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తన ఉద్యోగం సంగతి జల్లెడలో తేలుతుంటే, ఆ మనిషి తలెత్తి దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. తొట్టి నిండుతుందా, పొర్లుతుందా అన్నదే చూసుకున్నాడు.

నీళ్లు తేటగా వచ్చాయి. కొళాయి కట్టేశాను. రెండు మిగుళ్లనూ ఆరబెట్టడానికి పొయ్యిలాంటి పెట్టెలో పెట్టాం. ఆరేదాకా ఎవరూ కదల్లేదు. టీ వచ్చింది, చల్లారింది. తూకం ఒకటికి రెండుసార్లు వేశాను. ఇంత అనుభవం ఉండి మళ్లీ వేయడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. బకెట్టు నీళ్లతో కడిగింది హద్దు దాటి ముతక. కొళాయి నీళ్లతో కడిగింది మెత్తన, రంగుల కంపెనీ అన్నట్టే మరీ మెత్తన. రెండూ ఒకే పొడి. టీవీ మాట విని పాపం ఆపరేటరు రాయి తగ్గించి, చక్రం జోరు పెంచి, బాగున్న పొడిని ఇంకా ఇంకా నూరి పాడుచేస్తున్నాడు. ముతక అన్న మాటా, మెత్తన అన్న మాటా రెండూ ఒక్క పొడి గురించే.

మేనేజరుగారు తూకం కేసి చూశాడు, తొట్టి కేసి చూశాడు.

“ప్రతి పరీక్షకూ ఇన్ని నీళ్లు పడతాయా?” అన్నాడు.

చూడండి! ఒక మనిషి బతుకు నిలబడిందని గానీ, మనం పొరబడ్డామని గానీ ఒక్క మాట లేదు. గాజు దిమ్మె కింది కాగితం తీసి ఆయన చేతికిచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “ఇప్పటికి ఇది ఆపుదాంలే” అన్నాడు. ఆపరేటరువైపు తిరిగి, “పోప్పా, మిల్లు కాడికి పో. ఏంటికి కూర్చున్నావు ఈడ?” అని కసిరాడు. అదే ఆయన క్షమాపణ అనుకోవాలి.

ఆ తర్వాత ట్యాంకరు నీళ్లలో ల్యాబ్‌కు వేరే వాటా ఇప్పించాను. అందుకోసం ఎన్ని గొడవలు పడ్డానో అది ఇంకో పురాణం. కుర్రవాడు పారేసిన చుక్కలన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. కొత్త నీళ్లతో చేసిన పరీక్షలు కూడేదాకా ఓపిగ్గా ఉండి, కంప్యూటరుకు మొదటి నుంచీ మళ్లీ నేర్పాడు. ఈసారి ముఖ్యమైనవాటి వరసలో వేడి అన్నిటికంటే కిందికి పోయింది. మోడలు బాగానే పనిచేసింది, దాని మీద నాకేం కోపం లేదు. దానికి మనం ఏం తినిపిస్తున్నామో ఒకసారి వంటింట్లోకి పోయి చూడండి పిల్లలూ, నేను చెప్పేది అంతే. చూడటానికి కొంచెం నడవాలి. టీవీ ముందు కుర్చీలోంచి లేవాలి.

ఆపరేటరు ఉద్యోగం నిలిచింది. కూతురు చదువు పూర్తి చేసింది. ఇక్కడితో ఆపేస్తే అందరికీ బాగుంటుంది, కానీ మా మిల్లులో ఏదీ అంత మర్యాదగా ముగియదు.

నేను రిటైరయ్యే ముందు వేసవి. ఒక మధ్యాహ్నం నా గదిలో ఉన్నాను. గోడ అవతల చెంబు చప్పుడు వినిపించింది. చెంబుతో ముంచి పోస్తున్న చప్పుడు. ఆ పాత గొడవ దెబ్బతో నాకు ఆ చప్పుడు నిద్రలో కూడా తెలుస్తుంది. లేచి పోయి చూద్దును కదా, గొట్టం కింద బకెట్టు. మా అమ్మాయి చేతిలో చెంబు. పక్కనే నిలబడి ఆ అమ్మాయిని ఒప్పిస్తున్నది ఎవరనుకున్నారు?

“తేటగానే ఉండాయి గదమ్మా, ఇంగొక్కసారి పోయి. ఒక్కసారికి ఏం కాదులే” అంటున్నాడు ఆపరేటరు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. మిల్లంతా వినబడేలా అరిచాను.

“నీకు బుద్ధి ఉండాదా అప్పా? ఆ బకెట్టే గదా ఆ పొద్దు నీ ఉద్యోగం మింగబోయింది! నిన్ను ఆ గండంలోంచి బయటేయడానికి నేను ఎన్ని తిప్పలు పడినానో తెలుసునా నీకు?”

ఆయన తల వంచుకున్నాడు. తప్పు ఒప్పుకున్నట్టే ఉన్నాడు. నేను బకెట్టు అందుకుని, ఆ కోపంలోనే, దాన్ని మోరీలో గుమ్మరించబోయాను. ఆయన చటాక్కున దాని పట్టీ పట్టుకున్నాడు.

“తిట్టండమ్మా, ఎన్నైనా తిట్టండి” అన్నాడు. “పారబోయాకండి మాత్రం. కానుగ చెట్లకు పోసొస్తా.”

బకెట్టు నా చేతుల్లోంచి లాక్కుని, ఒక్క చుక్క తొణక్కుండా, ఎండలోకి నడిచిపోయాడు.